తల్లి చేతి సూది

సంచి పొద్దున్నే సర్దేశారు. ఇంటికి వెళ్లడానికి అడ్డం ఒక్కటే, తల్లి చేతిలోని సూది.

కూతురికి షుగరు. ఎనిమిదేళ్లకే. ఇక రోజూ సూది తప్పదు. తల్లో తండ్రో సిస్టర్ ఎదుట తమ చేత్తో ఒక్కసారైనా వేసి చూపిస్తేనే పిల్లని ఇంటికి పంపుతారు. పిల్లల వార్డులో పద్ధతి అది. తండ్రి సూది కనబడితే చాలు, వరండాలోకి జారుకునే రకం. భారమంతా తల్లి నెత్తిన పడింది.

"ఎలా వెయ్యాలో ఒకసారి చెప్పండి" అంది చిన్న సిస్టర్, గొంతు సవరించుకుని. ఆమె ఉద్యోగంలో చేరి ఆర్నెల్లు కాలేదు.

"తొడ మీద చర్మం రెండు వేళ్లతో పట్టుకోవాలి. సూది నిటారుగా దించాలి. మందు ఎక్కించాక పది లెక్కపెట్టి తీయాలి."

చెప్పడంలో నూటికి నూరు మార్కులు. చిక్కంతా చేతల దగ్గరే. కూతురి తొడ పట్టుకోగానే సూది వెనక్కి తీసేసుకుంది. మూడు రోజులుగా ఇదే తంతు. కిందటి వారం ఇదే మంచం మీది పిల్లవాడి తల్లి, సంతకం కూడా రాని మనిషి, రెండో రోజుకే చకచకా వేసేసింది. తలుచుకుంటే సిగ్గుతో ప్రాణం చచ్చిపోతోంది.

"ఈ ఒక్కసారికీ నువ్వే వేసెయ్యి తల్లీ. నేను వేశానని రాసుకో" అని గొణిగింది.

చిన్న సిస్టర్ ఇబ్బందిగా నవ్వింది. "అలా కుదరదండీ. రేపు మీ ఇంట్లో నేనుండను కదా."

ఆమె కళ్లు గట్టిగా మూసుకుని సూది పైకెత్తింది.

మంచం మీది పిల్ల విసుక్కుంది. ఇంట్లో దాన్ని మిరపకాయ అంటారు. "అమ్మా, కళ్లు మూసుకుని పొడిస్తే ఎలా? తెరువు. నేను లెక్కపెడతాలే."

ఆమె కళ్లు తెరిచింది. ఏడుపు దిగమింగుకుని సూది దించింది.

పిల్ల తాపీగా పదిదాకా లెక్కపెట్టింది. సూది బయటికి వచ్చింది. పిల్ల ఏడవలేదు, తల్లే ఏడ్చింది.

చిన్న సిస్టర్ కాగితం మీద 'తల్లి నేర్చుకుంది' అని రాసి సంతకం చేసింది. ఇక భయం లేదని రూఢి చేసుకుని తండ్రి లోపలికొచ్చాడు, సంచి భుజానికెత్తుకున్నాడు.

గుమ్మం దాకా సాగనంపుతూ చిన్న సిస్టర్ మెల్లగా అడిగింది. "సోమవారం డ్యూటీకి వచ్చేస్తారు కదా మేడమ్, సూది వెయ్యడం మీ దగ్గరే నేర్చుకుంటామని వార్డులో కొత్తగా చేరిన పిల్లల తల్లులు నలుగురు పట్టుబట్టి కూర్చున్నారు."