మంచినీళ్ల బాయి

"చేంతాడు వదులు, అవ్వా!"

దశరథ గొంతు చించుకుని అరిచాడు. ముసలమ్మ వదల్లేదు. బావిగట్టు మీద కూలబడి, తాడును ఒళ్లో చుట్టుకుని, రెండు చేతులా బిగించి పట్టుకుంది. నడుం పూర్తిగా వంగిపోయింది. మెడ తిరగదు, ఎవరితో మాట్లాడాలన్నా మనిషంతా అటు తిరగాల్సిందే. అయినా ఆ మొండితనం చూడండి!

ఆమె ఎదుట నలభై రెండు కుటుంబాలు ఖాళీ కుండలతో నిలబడి ఉన్నాయి. అచ్చంపేట పక్క అడవి పల్లెల వాళ్లు. దళాలకూ పోలీసులకూ నడుమ నలిగి, గుడిసెలు కాలిపోయి, కట్టుబట్టలతో పారిపోయి వచ్చారు. 1951, ఇంకా ఎండలు ముదరలేదు. వారం రోజులు బండ్ల మీద తిప్పి తిప్పి, సహాయ కమిటీ తరఫున దశరథ వాళ్లను ఆ పొద్దున్నే మర్రిగూడ దగ్గరి ఈ పల్లెకు తెచ్చాడు. సాయంత్రంలోగా తహసీల్దారుకు ఉత్తరం పంపాలి. ఇక్కడ మంచినీళ్లున్నాయని రాస్తే చాలు, భూములిచ్చి ఇక్కడే ఊరు కట్టిస్తారు. లేదంటే మళ్లీ బండ్లెక్కి ఇంకెక్కడికో పోవాలి.

నీళ్ల సంగతి పొద్దున్నే ఊరి కావలికారు ఐలేశాన్ని అడిగాడు దశరథ. ఐలేశం యాభై దాటినా నిటారుగా ఉన్న మనిషి.

"ఎండకాలం గీ బాయి ఎండుతదా?"

"ఎండదు సారు. ఇరవై ఏండ్ల కింద తవ్వినం. బండ పగలగొట్టింది నేనే. గంతకుముందు ఊరంత కుంట నీళ్లే తాగేది."

అలాంటి బావిని పెట్టుకుని గుక్కెడు నీళ్లివ్వనంటే ఎవరికి మాత్రం ఒళ్లు మండదు?

మూడేళ్ల పిల్లను చంకనేసుకుని బాలనర్సమ్మ అనే తల్లి ముందుకొచ్చింది.

"అవ్వా, పొద్దటి సంది నా పిల్ల నోట్ల చుక్క పడలె. నీ కాల్మొక్కుత."

"కుంటకు పో, చెల్లె. రెండు మైళ్లే."

"గా కుంటల బర్లు పంటున్నయి!" అన్నాడు దశరథ. "అవి మనుషులు తాగే నీళ్లా?"

"వడగట్టుకోర్రి. కాచుకోర్రి. గవ్వే తాగుర్రి."

"ఏం, వీళ్లు ముట్టుకుంటే బాయి మైలపడ్తదా?"

"నేను కులం అడగలె సారు. నా మాటిను. వీళ్లను ఈడ ఉంచకు. ఇంకో ఊరికి తోల్కపో."

అదీ సంగతి! కడుపులో దాచుకున్న మాట బయటికొచ్చింది. ఇల్లూ వాకిలీ కాలి, బతుకు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్లను పొమ్మంటుందా? ఇంత రాతిగుండె ఎట్లా వస్తుంది మనిషికి? దశరథకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏం పాపం చేసిండ్రమ్మా వీళ్లు? చెప్పు!"

"పాపం గాదు. గీ నీళ్లు పొల్లగాండ్లకు మంచియి గావు."

గట్టు మీది బిందెలోంచి దశరథ దోసెడు నీళ్లు తీసుకుని తాగాడు. చల్లగా, తేటగా ఉన్నాయి. అబద్ధానికైనా ఒక హద్దుండాలి.

"మీ ఊరోళ్లు తాగుతలేరా?"

"తాగుతున్నం. ఎండకాలమొస్తే కుంట ఎండుతది, మాకు దిక్కులేదు."

"నువ్వు తాగుతలేవా?"

"చిన్నప్పటి సంది తాగుతున్న."

"తాగి సచ్చినవా మరి? గింత ముసలిదానివయ్యేదాక బతికినవు గదా!"

ఆమె తాడును ఇంకా గట్టిగా ఒళ్లోకి లాక్కుంది. పక్కనే నిలబడ్డ ఐలేశం తల దించుకున్నాడు.

దశరథ ఇక ఆగలేదు. తాడు పట్టుకుని గుంజాడు. ఆమె తాడుతోపాటు జారి, గట్టు కింద పక్కకు ఒరిగి పడింది. పడ్డది పడ్డట్టే ఉంది, లేవలేకపోయింది. ఎవరూ చెయ్యి అందించలేదు. ఎందుకందిస్తారు? అంతమంది పసిపిల్లల ఉసురు పోసుకున్న మనిషికి!

బొక్కెనలు దిగాయి. పిల్లలు దోసిళ్లు పట్టి, బట్టలు తడుపుకుంటూ తాగారు. బాలనర్సమ్మ కూతురు తాగుతూనే కిలకిలా నవ్వింది. ఆ నవ్వు చూసి దశరథకు కళ్లు చెమర్చాయి. వారం రోజులుగా తను చేసిన చాకిరీకి అదే కూలి అనుకున్నాడు.

"ఒక్క పూటకైతే తాగనియ్యి సారు," కింద పడ్డచోటి నుంచే ఆమె అరుస్తోంది. "ఊరు మాత్రం కట్టకు!"

దశరథ అటు చూడనైనా చూడలేదు. బండి మీద కూర్చుని ఉత్తరం రాశాడు. మంచినీళ్లకు కొరత లేదు. ఈ కుటుంబాలను ఇక్కడే స్థిరపరచవచ్చు. ఆ తర్వాత ఇంకో కాగితం తీశాడు. ఇలాంటిదాన్ని ఊరికే వదిలితే రేపు మళ్లీ తాడు పట్టుకుని కూర్చుంటుంది. సహాయం అడ్డుకున్నందుకు ఫిర్యాదు పెట్టాల్సిందే.

"ఐలేశం, ఇటు రా. ఆమె పేరేంది?"

"సుక్కమ్మ."

"ఇంటాయన?"

"ఇడిసిపెట్టి పోయిండు సారు."

"గా గుణానికి ఎవడుంటడు! వయసు?"

ఐలేశం గట్టు కింద ఇంకా లేవలేక పెనుగులాడుతున్న సుక్కమ్మ వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఏందయ్యా, నువ్వు గూడ దాని దిక్కేనా? డెబ్బయ్యని రాస్తున్న."

ఐలేశం దశరథ కలం పట్టుకుని ఆపాడు.

"నా బిడ్డకు ఇరవై ఆరేండ్లు, సారు."