ఒక్క వేలి అర్జీ

నోరు తెరవకముందే రజిత మూడుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

మహబూబాబాద్ కలెక్టరాఫీసు గేటు ఎదుట, జిరాక్స్ షాపు పక్కన ఒక రేకుల పందిరి. సోమవారం, ప్రజావాణి రోజు. అర్జీలు చేతబట్టుకున్న జనంతో రోడ్డంతా నిండి ఉంది. టీ బండి దగ్గర తెల్లచొక్కా ఎవడు కనిపించినా ఆమెకు హన్మంత్ మేస్త్రీ మనిషే అనిపిస్తోంది. పాముకు జడిసినవాళ్ళకు తాడు కూడా పామే కదా.

పందిరి కింద కూర్చున్న జయపాల్ అర్జీలు రాసే మనిషి. ఒకప్పుడు టైపు మిషన్ మీద లోయర్, హయ్యర్ రెండూ పాసైనవాడు. ఇప్పుడు ఒళ్ళో ట్యాబ్, పక్కన చిన్న ప్రింటర్. పది వేళ్ళు చేసిన పని ఒక్క చూపుడువేలే చేస్తోంది. మిగతా తొమ్మిదీ పింఛను పుచ్చుకుంటున్నాయి. ఆ ఒక్కటి కూడా అక్షరాలను గుద్దదు. అద్దం మీద నుంచి ఎత్తకుండా ఇటునుంచి అటు గీసుకుంటూ పోతుంది. వెనకాలే మాట పడుతుంది.

“భయపడకుండ చెప్పు బిడ్డా. ఒకరి అర్జీ ఇంకొకరికి చెప్పను. ముప్పై ఏండ్ల సంది గదే నా నియమం.”

రజిత గొంతు తగ్గించి చెప్పడం మొదలుపెట్టింది. గార్ల దగ్గర రాళ్లవాగు తండా తమది. చెల్లెలు బుచ్చికి పందొమ్మిదేళ్ళు. దసరా పోయాక పనికి మనుషుల్ని కుదిర్చే ఒక మేస్త్రీ వచ్చి, దూరాన నూలు మిల్లులో పని, తిండీ బసా వాళ్ళవే అని చెప్పి తీసుకుపోయాడు. ఆ మేస్త్రీ ఎవరో మాత్రం చెప్పలేదు.

ఆమె పేరు, తండా పేరు, బుచ్చి పేరు రాసేటప్పుడు జయపాల్ ఒక్కొక్క అక్షరం వెతికి కొట్టాడు. ఆ తర్వాత వేలు ఆగలేదు. మేస్త్రీ, నూలు మిల్లు, తీసుకుపోయాడు... ఆమె మాట ముగిసేలోపే అక్కడ వాక్యం ముగుస్తోంది.

తాను చెప్పిందే రాస్తున్నాడా, సొంతంగా ఏమైనా కలుపుతున్నాడా? రజిత ఉండబట్టలేక ఇంత జల్దీ ఎట్లా వస్తుందని అడిగింది.

“గిది నేర్చుకుంటది బిడ్డా. కొత్త మాటైతే ఒక్కొక్క అక్షరం గుద్దాలె. పదిసార్లు రాసిన మాటైతే, దాని ముందు మాట కొట్టంగనే తానే ముందుకొస్తది,” అన్నాడు. తర్వాత తల ఎత్తకుండానే, “ఆధార్ కార్డు ఆయనే తీస్కపోయిండా?” అన్నాడు.

రజిత తలూపింది. తాను చెప్పబోతున్నది ఆ మాటే.

నెల రోజులు ఫోన్లు వచ్చాయి. తర్వాత స్విచాఫ్. మేస్త్రీని నిలదీస్తే... అక్కడ ఆమె ఆగిపోయింది. ఆ మాట పరాయి మనిషి ముందు ఎట్లా అనడం?

“ఎవనితోనో లేచిపోయిందన్నడా?”

రజిత మళ్ళీ వెనక్కి తిరిగి చూసింది.

ఆ మాట హన్మంత్ తనొక్కదానితోనే అన్నాడు, గార్ల బస్టాండులో పక్కకు పిలిచి. బయట చెప్పుకుంటే పోయేది మీ ఇజ్జతే అని కూడా అన్నాడు. అందుకే ఆమె కన్నతల్లికి కూడా చెప్పలేదు. బుచ్చి ప్రతి ఆదివారం ఫోన్ చేస్తోందని ఐదు నెలలుగా తండా అంతటికీ అబద్ధం చెబుతోంది. మరి ఈయనకెట్లా తెలిసింది? హన్మంతే చెప్పి ఉండాలి. నిన్న సాయంత్రం ఇంటి ముందు బండి ఆపి, రేపు సోమవారం ఎటు పోతున్నావని నవ్వుతూ అడిగాడు కూడా. పులి నోట్లో తల పెట్టడానికి తానే టికెట్టు కొనుక్కుని బస్సెక్కి వచ్చింది.

లేచి నిలబడింది.

“అర్జీ వద్దు సార్. నేను పోత.”

“కూసో.”

జయపాల్ రోడ్డుకు అటూ ఇటూ చూశాడు. ట్యాబ్‌ను ఒళ్ళోకి ఇంకా దగ్గరగా లాక్కున్నాడు. అది చూసి రజితకు ఇంకా భయం వేసింది.

అర్జీ అయిపోవచ్చింది. ఆఫీసర్లు మొత్తం చదవరని, అసలు సంగతి చివర ఒక్క వరసలో పెట్టడం జయపాల్ పద్ధతి. ముందు తీసుకుపోయినవాడి పేరు, దాని పక్కనే పోయిన పిల్ల పేరు. ఆ వరస ఖాళీగా ఉంది. ఆయన ట్యాబ్ తీసి ఆమె చేతుల్లో పెట్టి, మొహం పక్కకు తిప్పుకున్నాడు.

“నేను చెప్పరాదు బిడ్డా. ఆ రెండు పేర్లు నువ్వే కొట్టు.”

తన చేత్తోనే రాయించుకుని సాయంత్రానికి హన్మంత్‌కు చూపిస్తాడేమో. ఇప్పుడు ఉరికితే రోడ్డు దాటేలోపు ఎవరైనా పట్టుకుంటారేమో. ఉరికి ఇంటికి చేరినా, బుచ్చి సంగతేంటి? పోయే రోజు పొద్దున, బస్సుకు టైమవుతున్నా, నువ్వు జడేస్తేనే కదులుతానని ముందర వచ్చి కూర్చుంది పిచ్చిది. రజితకు కళ్ళు నిండాయి. ఏమైతే అదవుతుందని వేలు ముందుకు చాచింది.

గీయడం ఆమెకు రాదు. ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ హన్మంత్ అని కొట్టింది.

పక్కన చెల్లెలి పేరు రాద్దామని మొదటి అక్షరం వెతుకుతుండగానే, ఏది కావాలో తట్టమన్నట్టు మీటల పైన మూడు పేర్లు వచ్చి నిలబడ్డాయి: కళ్యాణి, స్రవంతి, మనీషా.