నిమ్మకాయలు తొక్కని కారు

సొంత కారు కొనుక్కోవడానికి అదే ఆఖరి రోజు. మర్నాటి నుంచి అందరూ వాటంతట అవే నడిచే అద్దె కార్లలోనే తిరగాలని, జనాన్ని అడక్కుండానే చట్టం చేసేశారు. ముప్పై ఏళ్లు లారీ తోలిన పేరంటాలమ్మ ఆటోనగర్‌లో రెండు స్పోర్ట్స్ కార్ల మధ్య నిలబడింది. ఒకటి తళతళలాడే కొత్త ఎర్రది. రెండోది తాతల నాటి పచ్చది, తోస్తేగానీ స్టార్టవదు.

"కొత్తదే తీసుకోవే, పరువుగా ఉంటది," అంటూ మొగుడు మస్తాన్రావు ఎర్రదాని చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాడు.

"అడ్డం ఉంది. కదలను," అంది కారు.

"నిమ్మకాయలేనమ్మా, తొక్కెయ్!" అంది స్టీరింగు ముందు కూర్చున్న పేరంటాలమ్మ.

"వాటికి దెబ్బ తగులుతుంది."

"పోనీ, తీసేద్దామా?" అన్నాడు మస్తాన్రావు.

"నువ్వుండవయ్యా! ఇయ్యాల నిమ్మకాయ తొక్కనంటది, రేపు నన్నే దిగమంటది. మాట విననిది సొంత బండెట్టా అవుద్ది?"

నిమ్మకాయలు పచ్చదాని కిందికి మారాయి. మస్తాన్రావు చెమటలు కక్కుతూ తోశాడు. బండి రెండుసార్లు దగ్గి, గర్జించి, నాలుగింటినీ చితక్కొట్టి రోడ్డెక్కింది.

"ప్రమాదం! నాలుగు ప్రాణాలు పోయాయి! పోలీసులకు చెబుతున్నా!" అని అరిచింది ఎర్రది.

పేరంటాలమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. "చెప్పుకో! తోలింది పేరంటాలమ్మని పేరుతో సహా చెప్పు!"