రంగు వదలని పిల్లి

ఒసోండు చేతిలో సబ్బు ఉంది. గేటు తీయడానికే చెయ్యి రావడం లేదు.

గోడ మీద ఆ ఇంటావిడ ఉగోయే అమ్మ పిల్లి పడుకుని ఉంది. నల్లగా నిగనిగలాడుతోంది. నిజానికది తెల్లపిల్లి.

దాన్ని నల్లగా మార్చింది ఒసోండే. నైజీరియాలోని అసాబా ఊళ్ళో తీసే చవక దయ్యాల హాస్య సినిమాలకి సామాన్లు సమకూర్చడం అతని పని. శవపేటిక, కోడి రక్తం, పుర్రె, ఏదడిగినా తెచ్చిపడేస్తాడు. ఈసారి డైరెక్టర్ నల్లపిల్లి అడిగాడు. మంత్రగత్తె పిల్లిగా మారే సీను. కానీ నల్లపిల్లిని పెంచే ధైర్యం ఊళ్ళో ఎవరికుంది?

"ఇంట్లో ఎలుకలు బతకనివ్వడం లేదమ్మా, నాలుగు రోజులు నీ పిల్లినివ్వు," అని ఉగోయే అమ్మ దగ్గర అబద్ధమాడాడు. పాపం, విధవరాలు. మారుమాట లేకుండా ఇచ్చింది. నటుల మొహాలకి పూసే నల్లరంగు డబ్బా అంతా దానికి పులిమాడు. వారంలో పోతుందన్నాడు కొట్టువాడు.

సీను ప్రకారం పిల్లి పెళ్ళికొడుకు గుండెల మీదికి దూకాలి. దూకలేదు. పులుసు గిన్నె పక్కన కూర్చుని తుమ్మింది. డైరెక్టర్ అదే ఉంచేశాడు. ఆ రాత్రే ఒసోండు పిల్లిని ఆవిడ గోడ మీద చప్పుడు కాకుండా వదిలేసి వచ్చాడు. అసాబా అంతా పడీపడీ నవ్వింది.

వాళ్ళ వీధి మాత్రం నవ్వలేదు. వంకర తోక చూడగానే గుర్తుపట్టింది.

"అది పిల్లి కాదే, ఆవిడే," అంది కుళాయి దగ్గర ఒకామె.

చర్చిలో ఉగోయే అమ్మ బెంచీ మీద ఇప్పుడు ఆవిడ ఒక్కతే కూర్చుంటోంది. వెనక బెంచీలో ఒసోండు తలెత్తలేకపోయేవాడు. లేచి ఒక్క మాట చెబితే చాలు. ప్రార్థన ముగియగానే అందరికంటే ముందు బయటపడేవాడు.

మొన్న శనివారం మరీ ఘోరం జరిగింది. భర్త పోయినప్పటి నుంచీ ఆవిడ మరిది వారం వారం వస్తుంటాడు. మొన్న ఇద్దరు మనుషులతో, కొలతల టేపుతో వచ్చాడు. బీటలిచ్చిన గోడ బాగుచేయిద్దామనుకున్నాడు కాబోలు. గోడ మీది పిల్లి తుమ్మింది. ముగ్గురూ వెనక్కి తిరిగి చూడకుండా పోయారు. ఉన్న ఒక్క దిక్కునీ దూరం చేశానని ఒసోండు కుమిలిపోయాడు.

మూడు వారాలుగా వానలు. అయినా ఆ రంగు వదల్లేదు. ఏం పాడు రంగు కొన్నానో అని తనని తానే తిట్టుకున్నాడు.

గేటు తెరుచుకుంది.

"అక్కడే నిలబడ్డావేం నాయనా? నీక్కూడా భయమేనా?"

"భయం కాదమ్మా. సిగ్గు. మా ఇంట్లో ఎలుకల్లేవు."

"తెలుసులే. నీ ఒంటిగదిలో ఎలుక తినడానికేముందని?"

"దానికి రంగు పూసింది నేనే. నీకింత అవమానం తెచ్చిపెట్టాను. ఇప్పుడే కడిగేస్తాను. వీధిలో ఇంటింటికీ వెళ్ళి చెప్తాను."

ఉగోయే అమ్మ గబుక్కున అతని చొక్కా పట్టుకుని లోపలికి లాగి గేటు మూసింది. తెల్లచొక్కా మీద ఆవిడ అయిదు వేళ్ళూ నల్లగా పడ్డాయి.

"వీధిలో నోరెత్తావంటే చూడు, రోజూ బొగ్గు నూరి పూయలేక చస్తున్నాను, ఈ ఇల్లు తనదంటూ కొలవడానికొచ్చే మా మరిది మళ్ళీ శనివారం దిగేలోగా ఆ రంగు డబ్బా ఇంకొకటి తెచ్చిపెట్టు," అంది.