వేలాడే మనిషి

బాలచంద్ర మళ్లీ తాడుకు వేలాడాడు.

ఐదో అంతస్తు దగ్గర, రెండు చేతులూ వదిలేసి, తల వాల్చేసి.

రోడ్డు మీద పోయేవాళ్లకు గుండె ఝల్లుమంది. కింద నిలబడిన కోమలికి మాత్రం ఒళ్లు మండింది.

రేణిగుంట రోడ్డులో కొత్తగా కట్టిన తొమ్మిదంతస్తుల హోటలు అది. బ్రహ్మోత్సవాల లోపు బయటి గోడలకు రంగు పూర్తి చేయాలి. పనివాళ్లు పైనుంచి తాళ్ల మీద దిగుతూ రంగు వేస్తారు. వాళ్లకు సూపర్‌వైజరు కోమలి.

"మొదలుపెట్టండి" అంది గడియారం చూసుకుంటూ.

పనివాళ్లలో ఒకడైన శేషసాయి పక్క తాళ్ల మీద దిగాడు. బాలచంద్ర బెల్టును తన బెల్టుకు హుక్కుతో తగిలించుకోవాలి. ఆయన్ను ఆయన తాళ్ల నుంచి విడిపించాలి. ఇద్దరి బరువూ తానే మోస్తూ కిందికి రావాలి.

"మామా, రవ్వంత కాలన్నా కదపరాదా? బియ్యం మూట మాదిరి ఉండావే."

బాలచంద్ర ఉలకలేదు. నేల మీద పడుకోబెట్టాకే నోరు విప్పాడు.

"తెలివి తప్పినోడు నీకు సాయం చేస్తాడా నాయనా?"

"పదకొండు నిమిషాలు" అంది కోమలి.

"చాల్దమ్మా. రేపు మళ్లా చేద్దాం."

రక్షణ పద్ధతులు నేర్పడానికని ఆఫీసువాళ్లు ఆయన్ను పంపారు. ఇంతకుముందు ఎక్కడ ఏం చేశాడో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. యాభై దాటిన మనిషి. పుత్తూరు నుంచి పొద్దున్నే బస్సులో వస్తాడు. రంగు డబ్బా ముట్టడు. ఒక గంట సేపు వేలాడతాడు, దించితే మళ్లీ ఎక్కుతాడు. మిగతా పొద్దంతా తాళ్లు తడుముతూ కూర్చుంటాడు.

"ఉయ్యాల ఊగేదానికి గూడా జీతమిస్తారని తెలీకపాయె. మా ఇంట్లో నా బిడ్డ ఊరికే ఊగతా ఉండాది" అన్నాడు అష్ఫాక్.

అందరూ నవ్వారు. బాలచంద్ర కూడా నవ్వాడు.

శేషసాయి మాత్రం వదల్లేదు. "బెల్టుండాది. రెండు తాళ్లుండాయి. తెలివి తప్పినా యాడికి పోతాడు? ఫైరింజను వచ్చేదాకా ఆడనే ఉంటాడు గదా."

"ఆడనే ఉంటాడప్పా. తొడల కాడ పట్టీలు బిగుసుకుంటాయి. కాళ్లలోకి దిగిన నెత్తురు పైకి రాదు. బెల్టు మనిషిని పడనీదు, అంతే. బతికించాల్సింది మనమే."

వినడానికి బాగానే ఉంది. కానీ వానలకు పని అప్పటికే పది రోజులు వెనకబడింది. హోటలువాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు.

కోమలి ఆఫీసుకు కాగితం రాసింది. రోజూ గంట పని పోతోందని, ఈ మనిషి అవసరం లేదని. కింద పనివాళ్లు ఎనిమిది మందీ సంతకాలు పెట్టారు. మొదటి సంతకం అష్ఫాక్‌ది.

రెండో రోజే ఆఫీసు నుంచి ఆయనకు ఫోన్ వచ్చింది.

బాలచంద్ర సంచీ సర్దుకున్నాడు. ఎవరు రాశారని అడగలేదు.

"వారానికొక పొద్దన్నా చేయించమ్మా."

"చూస్తాం లెండి సార్."

"ఇసక మూట మాత్రం కట్టొద్దు. మనిషినే కట్టండి. మూటకైతే ఎవురూ తొందరపడరు."

ఆయన వెళ్లాక ఎవరూ ఎవరినీ కట్టలేదు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం పై కిటికీ అంచున అతికించిన రాయి ఊడి అష్ఫాక్ హెల్మెట్ మీద పడింది.

ఆరో అంతస్తు దగ్గర చేతులు జారవిడిచి, తల వాల్చేసి వేలాడాడు అష్ఫాక్.

కోమలి పిలిచింది. పలకలేదు. ఫైరింజనుకు ఫోన్ కలిపింది. అవతల వాళ్లు చిరునామా అడుగుతుండగానే, పిట్టగోడ దాటి దిగుతున్న శేషసాయి కనబడ్డాడు.

ఎవరూ చెప్పలేదు. ఆలోచించినట్టు కూడా లేడు. హుక్కు తగిలించాడు, తాళ్లు విడిపించాడు, అష్ఫాక్ తలను భుజాన ఆనించుకున్నాడు.

"వచ్చేసినాం అబ్బా, వచ్చేసినాం" అంటూనే దిగాడు.

ఆరు నిమిషాలు. ఫైరింజను రావడానికి ఇంకో ఇరవై నిమిషాలు పట్టింది.

"తల దెబ్బ చిన్నదే" అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. "స్పృహ లేకుండా ఇంకో పావుగంట వేలాడుంటే నా దాకా వచ్చేవాడు కాదేమో. మీకిది ఎవరు నేర్పించారు?"



కోమలి ఆఫీసుకు ఇంకో కాగితం రాసింది. బాలచంద్రను తిరిగి తీసుకుంటున్నట్టు ఉత్తరువు వచ్చింది. పోస్టులో పంపడానికి మనసు రాలేదు. శేషసాయిని వెంటబెట్టుకుని పుత్తూరు బస్సెక్కింది.

విరిగిన ఎముకలకు పుత్తూరు కట్టు కట్టించుకోవడానికి వచ్చినవాళ్ల ఆటోలు దాటుకుని, సందు చివర ఇల్లు కనుక్కున్నారు. ఆయన భార్య దేవకమ్మ తలుపు తీసింది.

"ఆయన లేడమ్మా. కాణిపాకంలో చెప్పులు పెట్టే స్టాండు కాడ పనికి కుదిరినాడు."

"తప్పు నాదేనమ్మా. మళ్లీ రమ్మని అడగడానికి వచ్చాను."

కోమలి చాచిన ఉత్తరువును దేవకమ్మ అందుకోలేదు.

"ఆ మాట ఆయన చెవిన పడనీయొద్దు తల్లీ. పిలిస్తే వచ్చేస్తాడు."

"వస్తే మంచిదే కదమ్మా?"

"మీ కాడ పనిచేసిన నాలుగు నెలలూ, పొద్దున్నే కక్కుకోకుండా బస్సెక్కింది లేదు. ఇంట్లో ఫ్యాను తుడవమన్నా స్టూలెక్కలేడు."

శేషసాయికి అర్థం కాలేదు. "అంత భయమైతే ఆయనే ఎందుకు ఎక్కినాడక్కా? మాలో ఎవురినన్నా కట్టుండొచ్చు గదా."

"నేనూ అడిగినా. ఇంకొకరు అట్లా ఉంటే సూడలేను, దానికన్నా నేను ఎక్కేదే మేలు అన్నాడు."

దేవకమ్మ నెమ్మదిగా గడప మీద కూర్చుంది.

"ఆరేండ్ల కిందట చెన్నైలో ఆయనే మేడ అద్దాలు తుడస్తా తాడు మీదనే తెలివి తప్పినాడు తల్లీ, కిందున్న పదిమందిలో ఒక్కరికీ దించేది తెలీక, అరగంట అట్లనే యాలాడినాడు."