సూది వేసే రోజు

కండక్టర్ చెయ్యి పడగానే ఆ మనిషి కళ్ళజోడు ఎగిరి బెంచీ కింద పడింది.

ఆసుపత్రి ఆయాసం విభాగంలో పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తల్లులంతా తలలు తిప్పారు.

"ఎక్కడ చూస్తున్నావయ్యా?" అన్నాడు కండక్టర్. "నీకు కూతురి ఈడు పిల్ల. వచ్చినప్పటినుంచీ గమనిస్తున్నా, నీ చూపు దాని మొహం మీద లేదు."

ఆ మనిషి కాదనలేదు.

"తప్పుగా అనుకోకు తమ్ముడూ. పిల్ల ఎలా ఉందోనని..."

"ఎవడు నీకు తమ్ముడు? నువ్వు డాక్టరువా?"

"కాదు."

"మా చుట్టానివా?"

"కాదు."

"మరి టికెట్ లేకుండా ఎక్కావన్నమాట."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ మనిషి మోకాళ్ళ మీద వంగి కళ్ళజోడు కోసం తడుముకున్నాడు. పిల్ల తీసివ్వబోయింది. కండక్టర్ కూతురి రెక్క పట్టుకుని వెనక్కి లాగాడు.

ఆ పిల్లను ఇంట్లో పిల్లనగ్రోవి అంటారు. పసితనం నుంచీ ఊపిరి తీస్తే లోపల ఈల మోగేది. ముద్దుగా పెట్టుకున్న పేరే, కానీ ఆ ఈల ఆగిపోయిన రాత్రులే తండ్రిని ఎక్కువ భయపెట్టేవి. ఈల కూడా రాలేదంటే గాలి బొత్తిగా ఆడటం లేదన్నమాట.

పీల్చే పంపులు వాడారు. మాత్రలు మింగించారు. మాత్రలకు మొహం ఉబ్బింది గానీ ఊపిరి తెరుచుకోలేదు. ఇది మామూలు ఉబ్బసం కాదు, మందులకు లొంగని రకం అన్నారు డాక్టర్లు. తల్లి లేని పిల్ల. ఇళ్ళకు రంగులు వేసే తండ్రి ఆ వాసన పిల్లకు పడదని పని మానేసి, బస్సులో టికెట్లు కొట్టే పనిలో చేరాడు. ఇంటికి రాగానే అతను ముందు చూసేది పిల్ల మొహం కాదు. గొంతు కింద గుంట. అది లోపలికి గుంజుకుపోతుంటే చెప్పులు విప్పకుండానే ఆసుపత్రికి ఎత్తుకుపోయేవాడు.

చివరికి ఈ సూది దొరికింది. నెలకొకటి. వేశాక గంటసేపు అక్కడే కూర్చోవాలి. ఆ గంటలోనే ఆ మనిషి వచ్చి ఎదుటి బెంచీ మీద కూర్చునేవాడు.

గొడవ విని పెద్ద నర్సు పరుగున వచ్చింది.

"ఆయన్ని కొట్టావా? ఎంత పని చేశావయ్యా. ఆయన ఎవరనుకున్నావు..."

"వద్దమ్మా," అన్నాడు ఆ మనిషి. "మాటిచ్చారు కదా."

ఒక కాడ విరిగిన కళ్ళజోడు పెట్టుకుని తనే బయటికి నడిచాడు. ఇంకోసారి లోపలికి రానివ్వద్దని కండక్టర్ కాపలావాడికి గట్టిగా చెప్పి వచ్చాడు.

దారిలో పిల్ల తండ్రి చెయ్యి విడిపించుకుంది.

"ఆయన చెడ్డగా చూడలేదు నాన్నా."

"నీకేం తెలుసు?"

"నాకు తెలీకపోతే ఎవరికి తెలుస్తుంది? చూసేది నన్నేగా. నువ్వెలా చూస్తావో అలాగే చూస్తాడు."

"నోరు మూసుకుని నడువు."

కోపానికి కళ్ళుండవంటారు. అతని కోపానికి ఉన్నాయి. అవి తనకు కావలసిందే చూశాయి.

మరుసటి నెల ఆ మనిషి గేటు బయట, రోడ్డుకు అవతల ఎండలో నిలబడ్డాడు. వీళ్ళు బయటికి రాగానే మెడ చాపి చూశాడు. కండక్టర్ పిల్లకు శాలువా గొంతుదాకా కప్పాడు. తను అడ్డంగా నడిచాడు.

"ఉక్కపోస్తోంది నాన్నా."

"పోయనీ."

ఆ మనిషి చెయ్యి సగం ఎత్తి దించేశాడు.

ఆ తర్వాతి నెల రోడ్డుకు అవతల ఎవరూ లేరు. పీడ విరగడైందనుకున్నాడు కండక్టర్.

ఆ రోజు పిల్ల లిఫ్టు దగ్గర ఆగలేదు. మెట్లెక్కింది. పైనుంచి తొంగిచూసి, "త్వరగా రా, బండి కదిలిపోతోంది," అని తండ్రి మాటే తండ్రికి అప్పజెప్పింది. ఈల లేదు. గొంతు కింద గుంట నున్నగా ఉంది. కండక్టర్ మెట్ల మలుపులో మొహం తుడుచుకుని మళ్ళీ ఎక్కాడు.

సూది వేశాక పెద్ద నర్సు అతన్ని పక్కకు పిలిచింది.

"ఇవాళ్టితో ఈ సూదులు అయిపోయాయి. కంగారుపడకు, వచ్చే నెలనుంచి ప్రభుత్వం ఇస్తుంది."

"ఇన్నాళ్ళూ ఇచ్చింది ప్రభుత్వం కాదా?"

"కాదు. వేరే పిల్లాడి కోసం తెప్పించినవి. మొదటిది వేయించుకుని ఇంటికెళ్ళాడు. రెండోదానికి రాలేదు. దానికి వారం ముందే ఊపిరాడక పోయాడు. వాళ్ళ నాన్న వచ్చి, మిగిలినవి పారేయకండి, మావాడిలాంటి పిల్లకే వేయండి అన్నాడు. పేరు చెప్పొద్దని మాట తీసుకున్నాడు."

కండక్టర్ రెండు చేతులూ జోడించాడు.

"ఎక్కడుంటాడమ్మా? కాళ్ళు పట్టుకుంటాను."

"ఊరొదిలి వెళ్ళిపోయాడు. ఎక్కడికో చెప్పలేదు."

"ఇంత చేసి ఏమీ అడగలేదా?"

పెద్ద నర్సు అతని వంక చూడలేదు. గాజు తలుపు అవతల కూర్చున్న పిల్లనే చూస్తూ చెప్పింది.

"అడిగాడు. సూది వేసినప్పుడల్లా గంటసేపు ఎదురుగా కూర్చుని, వాళ్ళబ్బాయి తీయలేని ఊపిరి నీ కూతురు తీస్తుంటే చూసుకోనిమ్మన్నాడు."