పందేనికి ముందు నీళ్లు

పరుగుపందెం ఇంకాసేపట్లో మొదలవుతుందనగా అడవి అంతా వాగు ఒడ్డున చేరింది. కోతులు కొమ్మలు ఊపుతున్నాయి. నెమళ్లు గొంతు చించుకుంటున్నాయి. ఈసారీ గెలుపు చుక్కి అనే లేడిదేనని అందరి నోటా ఒకటే మాట.

చుక్కి రెండు రోజులుగా బొట్టు నీరు ముట్టలేదు. నీళ్లు తాగితే పరుగు మధ్యలో పొద చాటుకు పోవాల్సి వస్తుందని నక్క మామ నేర్పిన కిటుకు అది. ప్రతి పందేనికీ అలాగే చేస్తోంది.

పందెం మొదలయ్యే గీత దగ్గరికి వెళ్లబోతూ చుక్కి మూత్రం పోసింది. మోదుగుపూలు నానబెట్టిన నీళ్లలా ఉంది. నడుము కూడా లాగుతోంది. పక్కనున్న ఏనుగు అత్త అది చూసింది.

"నీ వెన్నుకు అటొకటి ఇటొకటి మూత్రపిండాలున్నాయే. రాత్రీ పగలూ నెత్తురు కడిగి, మురికిని నీళ్లతో బయటికి పంపుతాయి. నువ్వు నీళ్లివ్వకపోతే దేంతో కడగాలి, నక్క మాటలతోనా?"

"ఇన్నాళ్లూ ఏమీ కాలేదుగా అత్తా."

"సగం పాడయ్యేదాకా అవి నోరెత్తవు. వాటితో చిక్కే అది."

పందెం మొదలైందని వడ్రంగిపిట్ట మాను మీద మూడు దెబ్బలు కొట్టింది. జంతువులన్నీ దుమ్ము రేపుతూ దూసుకుపోయాయి. చుక్కి ఒక్కతే వెనక్కి తిరిగి వాగులో మూతి పెట్టింది.

నక్క రొప్పుతూ వచ్చింది. "గెలిచే పందెం వదిలేశావు గదే."

"వచ్చే పున్నమికి ఇంకో పందెం ఉంది మామా," అంది చుక్కి, మూతి నుంచి నీళ్లు కారుతుండగా. "నడుములో ఇంకో జత లేదు."